మా ఇంటి అమెరికా గ్లాసులు

మా జేకేపూర్ ఇంట్లో ఆరు నారింజరంగు గ్లాసులు ఉండేవి. ఇప్పుడు నాలుగున్నాయి. వానాకాలం రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో పెట్రోలు చుక్క పడితే కనబడతాయే, ఆ రంగులన్నీ ఈ గ్లాసుల్ని ఎండలో తిప్పితే కనబడతాయి. శ్రీరామనవమి పానకానికి, కొత్తల్లుడు వస్తే షర్బత్‌కి తప్ప అవి బీరువా దిగేవి కావు. మిగతా ఏడాదంతా స్టీలు గ్లాసులే.

మా చిన్నప్పట్నుంచీ వాటి పేరు అమెరికా గ్లాసులు. వాటి వెనక కథ కూడా మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయ్‌పూర్ వైపు రైలు మార్గం వేసే రోజుల్లో మా తాతగారు ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. అక్కడ పనిచేసిన అమెరికా దొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ, "నువ్వు నమ్మకస్తుడివి" అని తాతగారికి ఈ గ్లాసులు ఇచ్చేశాడు. ఇదీ కథ. రాయ్‌పూర్–విజయనగరం లైను 1931 నాటికి పూర్తయింది. అప్పటికి రాయగడ, కోరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లాలోవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. అందుకే మా ఇంట్లో ఒక మాట ఉంది: మనం ఒరిస్సాకి రాలేదు, ఒరిస్సాయే మన దగ్గరికి వచ్చింది. జేకేపూర్‌కి మాత్రం మేం తర్వాత వచ్చినవాళ్ళమే. 1960ల్లో పేపరు మిల్లు పెట్టాక నాన్నగారికి ఉద్యోగం దొరికి ఇక్కడ స్థిరపడ్డాం.

నాన్నగారి సంవత్సరీకం అయ్యాక బీరువా తెరిచాం. అంతవరకూ ఆ గ్లాసుల్ని ఎవరూ అడగలేదు. ఒహాయోలో ఉన్న మా మేనత్త కూతురు ఫోన్లో చూసి, "ఇవి ఇక్కడ పాత సామాన్ల షాపుల్లో అద్దాల అరల్లో పెడతారు. కార్నివల్ గ్లాస్ అంటారు. జాగ్రత్త!" అంది. అంతే, నాలుగు గ్లాసులకీ నలుగురు వారసులు తేలారు. వాటాల సంగతి తర్వాత, అసలు ఇవి అమెరికావేనా అని ముందు తేల్చుకుందాం అనుకున్నాం. ఆ వెతుకులాటలో తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాం. మీ ఇంట్లోనూ ఇలాంటి గిన్నో గ్లాసో ఉంటే పనికొస్తుంది.

గాజుని అచ్చులో నొక్కడం

గాజు సామాను చేయడానికి వందల ఏళ్ళపాటు ఉన్న ముఖ్యమైన పద్ధతి ఊదడం. కరిగిన గాజు ముద్దని గొట్టం చివర పట్టి, ఊది, తిప్పి ఆకారం తెచ్చేవారు. నగిషీ కావాలంటే చల్లారిన తర్వాత చక్రం మీద కోసేవారు. అది కట్ గ్లాస్. దానికి పనితనమూ కావాలి, రోజులూ పడతాయి. అందుకే అది జమీందారుల ఇళ్ళలోనే ఉండేది.

1820ల్లో అమెరికావాళ్ళు ఇంకో దారి పట్టారు. కరిగిన గాజు ముద్దని ఇనప అచ్చులో వేసి, పైనుంచి ఒక ఇనప దిమ్మని లివరుతో దించి నొక్కేయడం. అచ్చు లోపల చెక్కిన నగిషీ గాజుకి బయటివైపు పడుతుంది. దిమ్మ నొక్కిన చోట లోపలివైపు నున్నగా వస్తుంది. కజ్జికాయల చెక్కలో పిండి నొక్కినట్టే, కాకపోతే ఇక్కడ పిండి ఎర్రగా కాలుతూ ఉంటుంది. 1825లో పిట్స్‌బర్గ్‌కి చెందిన జాన్ బేక్‌వెల్ సొరుగులకీ బీరువాలకీ పెట్టే గాజు పిడులు నొక్కే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఉన్న శాండ్‌విచ్ అనే ఊళ్ళో డెమింగ్ జార్వెస్ గాజు ఫ్యాక్టరీ పెట్టాడు. 1888లో మూతపడేదాకా అది నడిచింది. ఆ ఊళ్ళో ఇప్పుడు దాని పేరు మీద మ్యూజియం ఉంది.

మొదట్లో అచ్చు చల్లగా ఉంటే గాజు మీద ముడతలు పడేవి. అవి కనబడకుండా ఖాళీ అన్నది లేకుండా సన్నటి చుక్కలూ లతలూ చెక్కారు. చూడ్డానికి లేసు అల్లినట్టు ఉంటుంది. అందుకే 1830లు, 40ల నాటి ఆ సరుకుని లేసీ గ్లాస్ అంటారు. ఆ రోజుల్లోనే కప్ ప్లేట్లు అనే బుల్లి పళ్ళాలు లెక్కలేనన్ని వచ్చాయి. అప్పటి అమెరికావాళ్ళు టీని సాసర్‌లో పోసుకుని తాగేవారు. తాగుతున్నంతసేపూ తడి కప్పు బల్లగుడ్డని పాడుచేయకుండా పెట్టుకోడానికే మూడు నాలుగు అంగుళాల ఆ పళ్ళెం. సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగడం మన రైల్వే స్టేషన్ల అలవాటనే ఇన్నాళ్ళూ అనుకున్నాం!

ఆ తొలినాటి మంచి గాజులో సీసం కలిపేవారు. ఖరీదెక్కువ, బరువెక్కువ. 1864లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో విలియం లైటన్ అనే ఆయన సీసం లేకుండానే, సోడా, సున్నంతో అంత తెల్లటి గాజూ వచ్చే పాళ్ళు కనిపెట్టాడు. అక్కణ్ణించి ధర పడిపోయింది. కూలీనాలీ చేసుకునేవాళ్ళ ఇళ్ళలోకి కూడా వెన్నగిన్నె, చక్కెరగిన్నె, పాలజగ్గు, చెంచాల గ్లాసు నాలుగూ ఒకే నగిషీతో సెట్టుగా వచ్చాయి. ఇసుక, బొగ్గు, భూమిలోంచి వచ్చే గ్యాసు చవగ్గా దొరికే ఒహాయో నది చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వెలిశాయి. పోటీ తట్టుకోలేక 1891లో చాలా కంపెనీలు యునైటెడ్ స్టేట్స్ గ్లాస్ కంపెనీ పేరుతో ఒకటయ్యాయి. 1929 తర్వాత మాంద్యం రోజుల్లో యంత్రాల మీద గులాబీ, ఆకుపచ్చ, తేనెరంగు గాజు ఇంకా చవగ్గా చేశారు. ఓట్స్ డబ్బాలో ఒక గిన్నె, సినిమా టిక్కెట్టుతో ఒక పళ్ళెం ఉచితంగా ఇచ్చేవారు. దాన్నే ఇప్పుడు డిప్రెషన్ గ్లాస్ పేరుతో డబ్బిచ్చి కొంటున్నారు.

చేత్తో పట్టుకుని చూడాల్సినవి

అసలు సంగతి నగిషీలో కంటే మిగతాచోట్ల తెలుస్తుంది. మేం పరీక్షించిన వరుసలోనే చెప్తాం.

మొదట వేలు. కట్ గ్లాస్ అంచులు వేలికి పదునుగా తగులుతాయి. అచ్చు గాజు అంచులు కాస్త మొద్దుగా, కరిగి చల్లారినట్టు ఉంటాయి. అచ్చు రెండు మూడు ముక్కలుగా తెరుచుకుంటుంది కాబట్టి, ఆ ముక్కలు కలిసే చోట సన్నటి గీత పైనుంచి కిందకి ఉంటుంది. లోపల వేలు పెట్టండి. నున్నగా ఉంటే నొక్కిన గాజు. బయటి గుంటకి లోపల ఉబ్బు, బయటి ఉబ్బుకి లోపల గుంట తగిలితే అది అచ్చులోకి ఊదిన గాజు.

తర్వాత చెవి. గోటితో మెల్లగా తట్టాలి. సీసం గాజు గుడిగంటలా కాసేపు మోగుతుంది. సోడా గాజు టక్కుమని ఊరుకుంటుంది. అయితే మందమైన సీసం గాజు కూడా ఒక్కోసారి మోగదు. ఇదొక్కటే నమ్ముకోకూడదు.

తర్వాత అడుగు. నిజంగా యాభై అరవై ఏళ్ళు బల్లల మీద జరిగిన గిన్నెకి అడుగున గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి, నేలకి తగిలే అంచు మీదే ఉంటాయి. గీతలన్నీ ఒకే వైపుకి, ఒకే పొడుగులో ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారన్నమాట.

తర్వాత గుర్తు. ఒహాయోలోని న్యూఆర్క్‌లో 1957 దాకా నడిచిన హైసీ కంపెనీది డైమండ్ లోపల హెచ్ అక్షరం. నార్త్‌వుడ్‌ది గీత మీద ఎన్ అక్షరం. ఫెంటన్ కంపెనీ 1970 నుంచి కోడిగుడ్డు ఆకారంలో తన పేరు వేసింది. ఇంపీరియల్ కంపెనీది జి మీద ఐ. ఆర్, డి అక్షరాల పక్కన నంబరుంటే అది 1884 తర్వాత బ్రిటన్‌లో రిజిస్టరు చేసిన డిజైను. నెమలి తల ఉంటే ఇంగ్లండులో గేట్స్‌హెడ్ ఊరి సోవర్బీ కంపెనీ. ఇక్కడో జాగ్రత్త. మూతపడ్డ కంపెనీల అచ్చులు చేతులు మారాయి. హైసీ అచ్చుల్ని 1958లో ఇంపీరియల్ వాళ్ళు కొని, పాత అచ్చుల్లోనే కొత్త సరుకు పోశారు. నగిషీ ఒకటే అయినంత మాత్రాన వయసు ఒకటి కాదు. గుర్తు లేకపోవడం కూడా తప్పు కాదు, పాత అచ్చు గాజులో ఎక్కువ భాగానికి ఏ గుర్తూ ఉండదు.

చివరికి రంగు. ఇసుకలో ఇనుము ఉంటుంది, దానివల్ల గాజుకి పచ్చదనం వస్తుంది. దాన్ని పోగొట్టడానికి మాంగనీస్ కలిపేవారు. గాజుపనివాళ్ళు దాన్ని గాజు సబ్బు అనేవారట. ఆ గాజు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే లేత ఊదారంగుకి తిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి మాంగనీస్ బదులు సెలీనియం వాడకం పెరిగింది. అందుకని లేత ఊదా ఉంటే పాతదనడానికి ఒక ఆధారం. ముదురు వంకాయరంగు ఉంటే మాత్రం అనుమానించాలి, కిరణాలు పెట్టి రంగు తెప్పించేవాళ్ళున్నారు. గరివిడి, కోడూరు, గర్భాం పక్కన పుట్టినవాళ్ళకి మాంగనీస్ కొత్త మాట కాదు. మన దేశంలో ఆ ఖనిజం తవ్వకం 1892లో మొదలైంది మన విశాఖ జిల్లాలోనే. అదంతా ముఖ్యంగా ఉక్కుకి వెళ్ళిందనుకోండి. అయినా పుస్తకంలో ఆ పేరు కనబడగానే చుట్టం కనబడ్డట్టయింది.

ఇంకో రంగు పరీక్ష: పాత లేతపచ్చ, పసుపు గాజు కొన్నిట్లో యురేనియం ఉంటుంది. దొంగనోట్లు చూసే నీలం టార్చి చీకట్లో వేస్తే పచ్చగా వెలుగుతాయి.

మన దేశంలో అచ్చు గాజు

అమెరికా సరుకు మన తీరానికి రావడం అసాధ్యం ఏమీ కాదు. 1833లోనే బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ ఓడలో మంచుగడ్డలు కలకత్తా వచ్చాయి. మద్రాసు మెరీనాలో ఇప్పుడు వివేకానంద హౌస్ అనే మేడ ఆ మంచు దాచడానికి కట్టిందే. గుంటూరు, నెల్లూరు, రాజమండ్రిల్లో అమెరికా మిషనరీలు కాపురాలే పెట్టారు. కానీ మా వైపు సంగతి వేరు. బొబ్బిలి, విజయనగరం వైపు వచ్చింది కెనడా బాప్టిస్టులు. కోరాపుట్, జయపురం వైపు జర్మనీ లూథరన్లు. రైలు వేసిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇంగ్లీషువాళ్ళ కంపెనీ. మా పెద్దవాళ్ళకి మాత్రం తెల్లగా ఉన్నవాడు ఎవడైనా అమెరికా దొరే అయ్యుండొచ్చు.

అప్పటికి మన బజార్లో దొరికే గాజు చాలావరకూ ఇంగ్లండు, ఆస్ట్రియా, జపాన్‌ల నుంచి వచ్చేది. మొదటి యుద్ధం తర్వాత చెకోస్లోవేకియా సరుకు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో మనవాళ్ళకి పౌరుషం వచ్చింది. మహారాష్ట్రలో మనిషికో పైసా చొప్పున పోగుచేసిన పైసా ఫండ్ డబ్బుతో 1908లో తళేగావ్‌లో గాజు ఫ్యాక్టరీ పెట్టారు. దాన్ని నడిపిన ఈశ్వర్ దాస్ వార్ష్ణేయ్ జపాన్‌లోనూ, తర్వాత బోస్టన్‌లో ఎం.ఐ.టి.లోనూ చదివి వచ్చినాయన. 1916లో కరాడ్ దగ్గర ఓగలే సోదరుల ఫ్యాక్టరీ వచ్చింది. వాళ్ళ ప్రభాకర్ లాంతరు పేరు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇక గాజులకి పేరుపడ్డ ఫిరోజాబాద్ ఉండనే ఉంది.

అమెరికాలో 1907లో ఫెంటన్ కంపెనీ ఇంకో తమాషా చేసింది. నొక్కిన గాజు వేడిగా ఉండగానే లోహపు లవణాల ద్రావణం చల్లితే పైన రంగులు తిరిగే పొర ఏర్పడుతుంది. ఖరీదైన కళాకారుల గాజుకి అది పేదవాడి నకలు. అక్కడ కొన్నేళ్ళకి మోజు తగ్గింది. తర్వాత కాలంలో జాతర్లలో బహుమతులుగా ఇచ్చేవారన్న మాట మీద దానికి కార్నివల్ గ్లాస్ అనే పేరు నిలిచింది. ఆ విద్య మాత్రం ఇంగ్లండు, జర్మనీ, చెకోస్లోవేకియా, ఆస్ట్రేలియా తిరిగి చివరికి ఫిరోజాబాద్ చేరింది. అక్కడ జైన్ గ్లాస్ వర్క్స్ వాళ్ళు ఏనుగు తలలు, చేపలు చుట్టుకున్న పూలకూజాలు చేశారు. నీళ్ళ గ్లాసులు కూడా చేశారు.

మా గ్లాసుల అడుగున

ఇంత చదివాక ఒక ఆదివారం గ్లాసులు నాలుగూ సబ్బునీళ్ళతో కడిగి, తెల్లగుడ్డ పరిచి పెట్టాం. అచ్చు గీతలున్నాయి. లోపల నున్నగా ఉంది. తడితే టక్కుమంది. ఇంతవరకూ అమెరికాది కాదనడానికి ఏమీ లేదు. అడుగు తిప్పి, టార్చి పక్కనుంచి వేసి చూశాం. ఇన్నేళ్ళ పానకం, మట్టి పోయాక నాలుగు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి: జె, ఎ, ఐ, ఎన్. జైన్.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. అమెరికా నుంచి దొర తెచ్చుకున్న గ్లాసు మీద ఫిరోజాబాద్ కంపెనీ పేరు ఉండదు కదా. మా తమ్ముడికి కోపం కూడా వచ్చింది. "అయితే తాతయ్య అబద్ధం చెప్పాడంటారా?" అన్నాడు. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. గ్లాసు పోతే పోయింది, తాతగారి మాట పోవడం మాకు కష్టంగా ఉంది.

బీరువా కింద అరలో ఇంకొకటి ఉంది. మూతగిన్నె. తెల్లటి గాజు, మూత అంచు చెక్కు పోయింది. దేవుడి దగ్గర పటికబెల్లం దానిలోనే ఉండేది. వాటాల్లో దాన్ని ఎవరూ అడగలేదు. ఎలాగూ తీశాం కదా అని దాన్నీ తిప్పి చూశాం. ఆర్, డి అక్షరాలు, పక్కన ఆరంకెల నంబరు. బ్రిటన్‌లో రిజిస్టరు చేసిన డిజైను. దొరల బల్ల మీద వెన్న పెట్టుకునే గిన్నె.

పెద్దత్త చెప్పింది

అప్పుడు గుర్తొచ్చింది, అడగాల్సిన మనిషి ఇంకా ఉంది కదా అని. మా పెద్దత్తకి ఎనభై దాటాయి, విజయనగరంలో ఉంటుంది. ఫోను చేసి సంగతి చెబితే ఒకటే నవ్వు.

"దొరా లేదు, గిరా లేదు. ఆ గ్లాసులు మా అమ్మ కొన్నాదిరా. సిరిమాను పండక్కి ఇక్కడికొచ్చినప్పుడు, గాజుల షాపులో. నాకప్పుడు పదేళ్ళుంటాయి. నెయ్యి అమ్మిన డబ్బులు కొంగున కట్టుకొచ్చింది. ఆరు గ్లాసులు గడ్డిలో చుట్టిచ్చాడు. దారంతా నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇంట్లో ఎంతయిందని నాన్న అడుగుతాడని అమ్మకి భయం. దొర గిన్నె పక్కన పెట్టేసింది. ఎవరో చుట్టాలొచ్చి ఇవెక్కడివంటే, నాన్న 'మా దొర ఇచ్చినవే' అనేశాడు. అమ్మ మాట్లాడలేదు. అంతే, అలా ఉండిపోయింది."

"మరి దొర?"

"దొర ఇచ్చింది ఆ మూతగిన్నెరా. అది నిజమే."

ఇంటి కథలో సగం నిజం, సగం సర్దుబాటు. దొర ఉన్నాడు, ఇంగ్లీషువాడో ఇంకొకడో. తాతగారికి వస్తువు ఇచ్చిన మాటా నిజమే. ఆ వస్తువుని మనం పటికబెల్లానికి వదిలేసి, నాన్నమ్మ కొన్నదానికి దొర పేరు పెట్టుకున్నాం. నాన్నమ్మ రెండు గేదెల్ని మేపి, నెయ్యి కాచి, ఆ డబ్బుతో తన ఇష్టానికి కొనుక్కున్న వస్తువు మాకు తెలిసినంతలో అదొక్కటే. ఇన్నేళ్ళూ పానకం పోసినప్పుడల్లా ఆమె ముందే మేం తాతగారి కథ చెప్పుకున్నాం. ఆమె వింటూ ఊరుకుంది. గ్లాసు అడుగున ఆ నాలుగు అక్షరాలు లేకపోతే పెద్దత్తని అడిగేవాళ్ళమే కాదు.

పేరులో అమెరికా మాత్రం పూర్తిగా తప్పు కాదు. అచ్చులో నొక్కే పద్ధతి అక్కడిది, ఆ రంగుల పొరా అక్కడ మొదలైందే. వచ్చింది వస్తువు కాదు, విద్య. మా కుటుంబంలో నిజమైన అమెరికా అచ్చు గాజు ఉన్నది ఒహాయో అమ్మాయి దగ్గర. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో పెట్టి అమ్ముతుంటే రెండు డాలర్లకి కొన్న చిన్న ఆకుపచ్చ గిన్నె. నీలం టార్చి వేస్తే వెలుగుతుంది. హైసీ మ్యూజియం ఉన్న న్యూఆర్క్ వాళ్ళ ఊరికి గంటలోపు దూరమే. ఈసారి వెళ్ళి చూసి ఫొటోలు పంపుతానంది. మన జైన్ గ్లాసుల కోసం వెతికేవాళ్ళు ఇప్పుడు అక్కడా ఉన్నారట.

మీ ఇంట్లో ఉంటే

పాత గాజుని వేణ్ణీళ్ళలో వేయకండి, డిష్‌వాషర్‌లో పెట్టకండి. నీళ్ళు పోసి రోజుల తరబడి వదిలేస్తే లోపల పాలమబ్బు పడుతుంది, అది గాజు జబ్బు, తోమినా పోదు. గంటలా మోగే గాజులో ఊరగాయ, చింతపండు, నిమ్మరసం దాచకండి, పులుపుకి సీసం దిగుతుంది. ఒకదానిలో ఒకటి దోపి పెట్టకండి. మా ఆరు నాలుగైంది అలాగే.

వీటన్నిటికంటే ముందు, ఇంట్లో ఎనభై దాటినవాళ్ళెవరైనా ఉంటే ఆ వస్తువు వాళ్ళ చేతికిచ్చి అడగండి. "ఇది ఎవరు కొన్నారు? ఏ డబ్బుతో?" అని. చెప్పింది ఆ రోజే రాసేయండి.

మూతగిన్నె జేకేపూర్‌లోనే ఉంటుంది, పటికబెల్లంతో సహా. గ్లాసులు నాలుగూ నాలుగిళ్ళకి వెళ్తున్నాయి. అమ్మకూడదని అందరం ఒప్పుకున్నాం. ఒక్కోదానిలో ఒక చీటీ పెట్టాం: "ఫిరోజాబాద్ జైన్ గ్లాస్. నాన్నమ్మ సిరిమాను పండక్కి విజయనగరంలో నెయ్యి డబ్బుతో కొన్నది. ఆరింట్లో ఒకటి."